సెమీకోలన్ దిద్దిన ఆదివారం

దసరా వెళ్లిన రెండో ఆదివారం, పొద్దున్న పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూడలేక, ఆయన తల వెనక గోడకున్న గడియారం చూశాను. అందుకే నిమిషంతో సహా గుర్తుండిపోయింది.

ఆ మనిషిని అందరూ గుమాస్తా గారంటారు. నాకు గుమాస్తా అన్నయ్య. రక్తసంబంధమేమీ లేదు, మా ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆ వరసన నేను చెల్లిని. రైల్వే గూడ్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. బాగ్‌బేరాలో మా తెలుగువాళ్ల సంఘానికి ఒక గది ఉంది. ఆదివారం పొద్దున్నపూట ఆ గదిలో కిటికీ పక్కన కూర్చుని, ఇంగ్లీషు రానివాళ్లకి అర్జీలు రాసిపెట్టేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. టీ ఇస్తే తాగేవాడు.

ఆ ఆదివారం ఆయన రాస్తున్న కాయితం మీదకి వంగి, గదిలో అందరికీ వినబడేలా నేనన్న మాట ఇది.

"ఇదేటి అన్నియ్యా, పేజీ నిండా సెమీకోలన్లు జల్లీసినావు! ఒక్కటీ ఉండాల్సిన కాడ నేదు. ఇన్నేళ్లూ ఇలాగే రాసినావా? ఆఫీసుల్లో సదివినోళ్లు నవ్వుకోలేదేటి?"

ఈ మాట అనడానికి నాకేం అర్హత ఉందో ముందు చెప్పాలి.

నాకు అరవై దాటాక అక్షరాలొచ్చాయి. అంతకు ముందు నాది వేలిముద్ర. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్లయి, హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరొచ్చాను. మా ఆయనది ఉక్కు పని. రెండేళ్లకి హిందీ మాట్లాడ్డం వచ్చేసింది, కూరగాయల వాళ్లతో దెబ్బలాడ్డానికి సరిపోయేంత. అక్షరం మాత్రం ఏ భాషదీ రాలేదు. మందుల సీసాలు మూత రంగు చూసి గుర్తుపట్టేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పి పక్కవాళ్లతో చదివించుకునేదాన్ని. నాకసలు కళ్లజోడే లేదు.

చదువు చెప్పింది మా కోడలు. కద్మాలో పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు. ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. సాయంత్రాలు మా సిద్ధగోరా ఇంట్లో పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. వాళ్ల వెనక కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ వినేదాన్ని. ఒకరోజు పిల్లలు వెళ్లాక బోర్డు మీది మాట నేను చదివేశాను. అది "విండో". కోడలు చాక్‌పీసు కింద పడేసింది. "అత్తయ్యా, మీకు వచ్చేసింది కదా, క్యా బాత్ హై!" అంది. ఆవేళ నుంచి నాకు వేరే పలక పెట్టింది. తెలుగు ఏడాదిలో వచ్చింది. ఇంగ్లీషుకి మూడేళ్లు పట్టింది.

సెమీకోలన్ దగ్గరికొచ్చేసరికి నాకు పిచ్చి పట్టింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. చుక్క అందరికీ తెలుసు, కామా అందరికీ తెలుసు. ఇది మాత్రం చదువుకున్నవాళ్లకే సరిగా తెలీదని కోడలంది. ఆ మాటే నన్ను పట్టుకుంది. చదువుకున్నవాళ్లకి తెలీనిది నాకు తెలిస్తే ఎలా ఉంటుంది?

"రెండు వాక్యాలుండాలి అత్తయ్యా. దేనికది నిలబడాలి. కానీ రెండోది మొదటిదాని మాటే ఎత్తుకుని మాట్లాడాలి. మధ్యలో అండ్, బట్ ఉండకూడదు. అప్పుడే సెమీకోలన్."

"అంటే మన క్వార్టర్ల లాగే. నడిమి గోడ ఒకటే, పొయ్యిలు రెండు."

కోడలు పడీపడీ నవ్వింది. మర్నాడు వాళ్ల స్కూల్లో ఇదే మాట పిల్లలకి చెప్పిందట. ఇంకేముంది, నా కాలు నేల మీద నిలవలేదు. వాక్యంలో ఒక పక్క సగమే ఉంటే సెమీకోలన్ పెట్టకూడదు. హవెవర్ అన్న మాటకి ముందు సెమీకోలన్, వెనక కామా. జాబితాలో ఒక్కొక్క వస్తువుకీ లోపల కామాలుంటే, వస్తువుకీ వస్తువుకీ నడుమ సెమీకోలన్. ఉత్తరం పైన "రెస్పెక్టెడ్ సర్" అన్నాక మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. ఎర్రపెన్ను ఒకటి సంచిలో పెట్టుకు తిరిగేదాన్ని. పెళ్లి శుభలేఖలు దిద్దాను. మెట్ల దగ్గర అంటించిన కరెంటు నోటీసు దిద్దాను. మా అబ్బాయి, "అమ్మా, నీకు ఆ పెన్నమ్మినోణ్ని పట్టుకుని తన్నాలే," అనేవాడు. వాడన్నది నవ్వులాట కింద తీసుకున్నాను.

ఆ ఆదివారం సంఘం సెక్రటరీ రమ్మంటే వెళ్లాం, నేనూ కోడలూ. సంఘం గదిలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి కోడల్ని అడుగుదామని ఆయన పిలిచాడు. గుమాస్తా అన్నయ్య కిటికీ దగ్గర ఎప్పటిలాగే రాసుకుంటున్నాడు. ఆయన ఎదురుగా ఒక ఆడమనిషి నేల మీద కూర్చుంది. ముప్పయ్యేళ్లు దాటి ఉంటాయి. రైల్వే కాలనీలో ఉంటుంది. భర్త కీమాన్. అంటే రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలు సుత్తితో కొట్టి బిగించేవాడు. అతనికి లైను మీద ఎక్కడో చిన్న స్టేషన్లో డ్యూటీ. పెళ్లాం పిల్లలు ఇక్కడ. అతన్ని ఇటు బదిలీ చేయించమని అర్జీ.

గుమాస్తా అన్నయ్య రాసే పద్ధతి ఒకటుంది. అది తెలియకపోతే నేను చేసింది ఎంత పనో తెలీదు.

ఇంగ్లీషులో ఒక ముక్క రాసేవాడు. పెన్ను ఆపి, ఆ ముక్కని తెలుగులో చెప్పేవాడు. కళ్లజోడు మీదుగా ఎదుటి మనిషిని చూసి, "ఔనా?" అనేవాడు. ఆ మనిషి "ఔను" అంటే అక్కడొక సెమీకోలన్ పెట్టేవాడు. ఆయన దాన్ని తోకచుక్క అనేవాడు. కాదంటే ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాసేవాడు. చివరికి చుక్క పెట్టి, వేలిముద్ర వేయించేవాడు. ఆయన కాయితంలో తోకచుక్క ఉందంటే, అక్కడిదాకా ఆ మనిషి విని ఒప్పుకున్నట్టు. ఇంగ్లీషుకి అది తప్పే. ఆఫీసుల్లో అది చూసి నవ్వుకునే ఉంటారు.

ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసింది కాదు. అదే నా బాధ. మా ఆయన గుండె ఆగి పోయినప్పుడు క్వార్టర్ కొన్నాళ్లు ఉంచమని నాకు అర్జీ రాసిపెట్టింది ఈయనే. అప్పుడు నేనూ ఆ నేల మీదే కూర్చున్నాను. "అత్తవారి తరఫు వాళ్లు నన్ను పట్టించుకోవట్లేదు" అని ఒక ముక్క రాశాడు. తెలుగులో చెప్పి "ఔనా?" అన్నాడు. నిజమే అది. కానీ నేను, "వొద్దన్నియ్యా, అది తియ్యి. ఊళ్లో మా బావగారి సెవిని పడితే నా మొకం సూడరు," అన్నాను. మారు మాటాడకుండా కొట్టేశాడు. ఆ కొట్టివేత వల్లే ఇప్పటికీ మా బావగారి పిల్లలు నన్ను పిన్నీ అని పిలుస్తున్నారు.

అంత తెలిసి ఉండి ఆ మాటన్నాను. తెలియకపోతే వేరు.

అన్నయ్య నా వైపు చూశాడు. కోపం కనబడలేదు. కోపం ఉంటే బాగుండేది, ఇంకో రెండు మాటలు అనుకుని టీ తాగేవాళ్లం. నేను గడియారం చూస్తూ ఉండిపోయాను. కోడలు వెనక నుంచి నా కొంగు లాగి, "అత్తయ్యా, బస్ కీజియే, ఇంక చాలు," అని గొణిగింది.

"బాగా సదూకున్నావు చెల్లీ," అన్నాడు ఆయన. పెన్ను మూత పెట్టాడు. "అయితే నువ్వు రాయి."

కళ్లజోడు డబ్బాలో పెట్టుకుని, టీ గ్లాసు సగంలో వదిలేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ గదిలో ఇంకో మనిషి ఉన్నాడు, మా సిద్ధగోరా క్రేన్ డ్రైవరు, తన అర్జీ కోసం వరసలో కూర్చున్నాడు. "ఏటి అక్కా, పెద్దాయన్ని లేపీసినావు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సెక్రటరీ గారు ఏం చెయ్యాలో తోచక కుర్చీలు సర్దారు.

వెనక్కి పిలవొచ్చు. వీధి చివరిదాకా కూడా వెళ్లి ఉండడు. నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను.

ఆయన రాసిన కాయితం పక్కన పడేసి కొత్తది తీశాను. కీమాన్ భార్య నా దగ్గరికి జరిగింది.

"బదిలీ ఎందుకు కావాలి?" అన్నాను.

"పిల్లలు నాన్నా నాన్నా అంటన్నారప్పా." మా వైపు అప్ప అంటే అక్క.

"అది సాలదు. అందరికీ పిల్లలుంటారు. గట్టి కారణం ఉండాలి. అసలేటి?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. నా చెవి దగ్గరికి వచ్చింది. "ఆయనకి మూర్చ వత్తాదప్పా. ఎప్పుడో ఒకసారి. పదకొండేళ్ల నుంచి. నాకు తప్ప ఎవరికీ తెలవదు. ఒక్కడూ అక్కడ పడిపోతే సూసేవోడు ఉండడని నాకు బయం."

గట్టి కారణం దొరికింది. నాకు ఆ క్షణంలో తోచింది అంతే. ఒక భార్య పదకొండేళ్లు కడుపులో పెట్టుకున్నదాన్ని నా చెవిలో వేసిందని కాదు, నా వాక్యానికి రెండో సగం దొరికిందని. రాశాను. నా భర్త మూర్ఛ రోగంతో పదకొండేళ్లుగా బాధపడుతున్నాడు. అతను లైను మీద ఒంటరిగా పనిచేస్తున్నాడు. మధ్యలో సెమీకోలన్. రెండూ నిలబడే వాక్యాలే, రెండోది మొదటిదాని మాటే ఎత్తుకుంది. అతను ఈ విషయం ఎవరికీ చెప్పలేదు; అయితే, నేను ఇక భరించలేకపోతున్నాను. హవెవర్ ముందు సెమీకోలన్, వెనక కామా. అంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఇప్పుడు చూసినా అందులో తప్పు లేదు.

రాశాక చదివి వినిపించాను. తెలుగులో కాదు. ఇంగ్లీషులో, గట్టిగా. సెమీకోలన్ వచ్చినచోట ఎంత ఆగాలో అంత ఆగి చదివాను. సెక్రటరీ గారు "వాహ్" అన్నారు. క్రేన్ డ్రైవరు చప్పట్లు కొట్టాడు. సెక్రటరీ గారికి ఇంగ్లీషు వచ్చు, డ్రైవరుకి రాయడం రాకపోయినా వింటే అర్థమవుతుంది. కోడలు తల వంచుకుంది. ఆ గదిలో ఒక్క మనిషికే ఆ కాయితంలో ఏముందో తెలీదు. ఆవిడ నన్ను చూసి నవ్వుతూ కూర్చుంది. ఎవరో పెద్ద చదువుల మనిషి తన పని చేసిపెడుతోందని మురిసిపోయింది. వేలిముద్ర వేయమన్నాను, వేసింది. "దేవతలా దొరికినావప్పా," అని నా కాళ్లు ముట్టుకుంది.

ఒక్కసారి కూడా "ఔనా?" అని అడగలేదు.

కార్తీకం వెళ్లాక ఆఫీసు నుంచి అతనికి పిలుపొచ్చింది. ఆస్పత్రిలో పరీక్షలు చేశారు. ఇటు తీసుకొచ్చారు. అర్జీ ఫలించింది. కానీ పట్టాల మీదకి పోకూడదన్నారు. సుత్తి, పానా అప్పగించమన్నారు. ఏదో ఒకటి తేలేదాకా ఆఫీసులో బెంచీ మీద కూర్చోమన్నారు. ఫైళ్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి మొయ్యడం, వచ్చినవాళ్లకి నీళ్లివ్వడం. సంఘంలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. "నీ చెయ్యి మంచిదమ్మా, బదిలీ వచ్చేసింది," అన్నారు. రెండు వారాలు ఆ మెప్పు తిన్నాను. ఎర్రపెన్ను అయిపోతే కొత్తది కొన్నాను.

మూడో వారం ఆవిడ మా ఇంటికి వచ్చింది. కాయితం జిరాక్సు తెచ్చింది. గడప దాటలేదు.

"అప్పా, ఇందులో ఏటి రాసినావో తెలుగులో సెప్పు."

తెలుగులో చెప్పాను. అదే మొదటిసారి. మూర్ఛ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాను రాయమన్నానా?"

"వొద్దన్నావా?" అన్నాను. నా నోరు అలాంటిది. తప్పు నాదైనప్పుడు ఇంకా గట్టిగా లేస్తుంది.

"అడిగినావా?" అంది ఆవిడ.

జిరాక్సు నా చేతిలోనే ఉండిపోయింది. ఆవిడే చెప్పింది, ఏడవకుండా, కూరగాయల ధర చెప్పినట్టు. తను రాయించిందని తెలిసినప్పటి నుంచి మొగుడు తనతో మాట్లాడ్డం లేదట. కంచం తనే కడుక్కుంటున్నాడట. కాయితం ఆఫీసుకి చేరక ముందే, అతనితో పట్టాల పని చేసే గ్యాంగులో మనుషులకి తెలిసిపోయిందట. "మిర్గీవాలా" అని హిందీలో పిలుస్తున్నారట. మిర్గీ అంటే మూర్ఛే. ఎలా తెలిసిందో తెలియడం లేదంది. నాకు తెలుసు. మా క్రేన్ డ్రైవరు బామ్మర్ది ఆ గ్యాంగులోనే పనిచేస్తాడు.

ఆవిడ వెళ్లాక కోడలు జిరాక్సు తీసుకుని చదివింది. చాలాసేపు చదివింది.

"గ్రామర్ కరెక్టే అత్తయ్యా," అంది. "బాకీ సబ్ గలత్."

మిగిలిందంతా తప్పేనని. పిల్ల ఎప్పుడూ నన్ను అంత మాట అనలేదు. అనాల్సిందే. ఆవేళ రాత్రి అన్నం మాత్రం తనే వడ్డించింది.

ఇక్కడ ఒక మాట. పట్టాల మీద నడిచేవాడికి మూర్ఛ ఉంటే తీసేయడం మంచిదే కదా, ఒక ప్రాణం నిలబెట్టావు అని నాకు చాలామంది చెప్పారు. మా అబ్బాయీ చెప్పాడు. నిజమే అయ్యుండొచ్చు. బండి వస్తుండగా పడిపోతే? కానీ ఆ భయం ఆ మొగుడూ పెళ్లాలది. చెబుదామా వద్దా అని వాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది. నేను ప్రాణం నిలబెట్టాలని రాయలేదు. నా వాక్యం నిలబెట్టాలని రాశాను. ఇందులో ఎవరూ నాకు సర్దిచెప్పక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం ఆటో ఎక్కి స్టేషన్ దగ్గర దిగి, బాగ్‌బేరా నడిచి వెళ్లాను. గుమాస్తా అన్నయ్య వాకిట్లో స్టూలు మీద కూర్చుని, ముళ్లొంకాయలు కోస్తున్నాడు. వదిన పోయినప్పటి నుంచి వంట తనే చేసుకుంటాడు. నన్ను చూసి ఇంకో స్టూలు కాలితో ఇటు జరిపాడు.

"నన్ను తిట్టు అన్నియ్యా," అన్నాను.

"దేనికి? నువ్వన్నది నిజమే కదా. అవి తప్పులని నాకు సర్వీసులో సేరిన ఏడాదే మా హెడ్‌క్లర్కు సెప్పినాడు."

"మరి మానలేదేటి?"

"మానితే నాను మర్సిపోతాను చెల్లీ, అడగడం. ఆ గుర్తు పెట్టాలంటే పెన్ను ఆగాలి. పెన్ను ఆగితే మనిషి మొకం సూత్తాను." వంకాయ నీళ్లలో వేశాడు. "ఆ అమ్మాయికి సదివి వినిపించినావా?"

"వినిపించాను."

"ఏ బాసలో?"

చెప్పాను. ఆయన చాకు ఆపాడు. తర్వాత మళ్లీ కొయ్యడం మొదలెట్టాడు.

"ఆదివారం నుంచి మళ్లీ కూకో అన్నియ్యా. జనం స్టేషన్ రోడ్డులో జిరాక్సు షాపు పిల్లల సేత రాయించుకుంటన్నారు."

"నా సెయ్యి వణుకుతాది."

వంకాయలు కోస్తున్న చెయ్యి వణకడం లేదు. ఇద్దరం ఆ చెయ్యే చూశాం.

"నువ్వు నా ఇంటికి వచ్చి ఏటి లాభం?" అన్నాడు. "నన్ను నువ్వన్నది ఒక మాట. నాను ముసిలోణ్ని, నాలుగు రోజుల్లో అరిగిపోతాది. ఎల్లాల్సిన ఇల్లు రైల్వే కాలనీలో, రెండు లైన్ల అవతల ఉంది. అక్కడికి పోడానికి బయపడి ఇక్కడికొచ్చినావు."

అది కూడా నిజమే.

అక్కణ్నుంచే నడిచి వెళ్లాను. కీమాన్ తన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, కొడుకు సైకిలు చెయిను ఎక్కిస్తున్నాడు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, ఆఫీసుకేసుకెళ్లే తెల్లచొక్కా ఒంటి మీదే ఉంది. అంతకు ముందు నేనతన్ని ఎప్పుడూ చూడలేదు. అతని జీవితంలో అన్నిటికంటే పెద్ద రహస్యం రాశాను, మొహం మాత్రం తెలీదు. పొడగరి. ఎండకి నల్లబడిన మెడ, చొక్కా కాలరు లోపల తెలుపు. భార్య తలుపు దగ్గర నిలబడి నన్ను చూసి లోపలికి పోయింది.

"నేను..." అన్నాను.

"తెలుసు. అర్జీ రాసిన వదినవి. ఏటి, మళ్లీ ఏటైనా రాత్తావా?"

ఆ మాటకి నాకు తల తీసేసినట్టయింది. లేదు, క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. నీ భార్య తప్పేం లేదన్నాను. ఆవిడ పిల్లల మాటే రాయమంది, గట్టి కారణం కావాలని గుచ్చి గుచ్చి అడిగింది నేను, చెవిలో చెప్పింది కాయితం మీద పెట్టింది నేను, పెట్టేముందు అడగలేదు, పెట్టాక చదివి చెప్పలేదు. ఒక్కొక్కటే చెప్పాను. చెబుతుంటే అతను తలెత్తలేదు. చెయిను పళ్లకి ఎక్కించి పెడలు తిప్పి చూశాడు.

"నువ్వు అడిగితే అది ఏటనేది?" అన్నాడు.

"వొద్దనేది."

లోపల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. అతను తలుపు వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత చూసినట్టు చూశాడు.

"ఓలే," అని పిలిచాడు. "వదినకి నీళ్లు తే."

ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఇద్దరిలో ఎవరి మొహమూ నేను చూడలేదు. నీళ్లు తాగాను. మొత్తం తాగాను. మా వైపు ఇంట్లో నీళ్లిచ్చారంటే పొమ్మనలేదని. మాఫీ చేశారని మాత్రం కాదు.

"పట్టాల పని పోయింది," అన్నాడు. "పోతే పోనీ. ఎప్పుడో పోయేదే. పొద్దున్నే మంచులో ఒక్కణ్నీ నడిచేవోణ్ని వదినా. నా సుత్తి దెబ్బ తప్ప ఇంకో సప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు బెంచీ మీద కూకుంటే, వచ్చినోడల్లా నా మొకం వేపు సూత్తాడు, ఎప్పుడు పడిపోతానా అని. వాడికి తెలిసి సూత్తన్నాడో ఉట్టినే సూత్తన్నాడో నాకు తెలవదు. అది సంపేత్తంది."

"ఏటి సెయ్యమంటావు నన్ను? ఏదైనా సేత్తాను."

"కాయితాలొద్దు." చేతులకున్న గ్రీజు పాతగుడ్డకి తుడుచుకున్నాడు. "నువ్వు గట్టిగా సదివినావంట కదా, అందరూ సప్పట్లు కొట్టినారంట. ఆవేళ ఆ గదిలో ఎవరెవరున్నారు? ఒక్కర్నీ ఇడిసిపెట్టకుండా సెప్పు. ఎవరికి తెలుసో నాకు తెలిస్తే సాలు. మిగిలినోళ్ల ముందు నాను తలెత్తుకు తిరగ్గలను."

ఇలాంటిది అడుగుతాడని నేననుకోలేదు. తిడతాడనుకున్నాను. అతను ఎడంచెయ్యి చాపి, బొటనవేలు మడవడానికి సిద్ధంగా పెట్టుకుని నా నోటి వైపు చూశాడు. ఆవిడ కూడా పక్కన నిలబడింది. సెమీకోలన్లూ లేవు, ఇంగ్లీషూ లేదు. ఒక్కొక్కరి పేరూ, ఇల్లెక్కడో చెప్పాను. పేర్లు ఇక్కడ రాయను. అవి అతనికి ఇచ్చేశాను.

"గుమాస్తా అన్నియ్య ఉన్నాడు. గాని నాను రాయకముందే యెల్లిపోనాడు. ఒక్క ముక్క ఇనలేదు."

వేలు మడవలేదు.

"సంఘం సెక్రటరీ. ఇన్నాడు. ఆయన ఎవరికీ సెప్పే మనిషి కాదు, గాని ఇన్నాడు."

ఒక వేలు.

"మా సిద్ధగోరా క్రేన్ డ్రైవరు. ఇన్నాడు. మీ గ్యాంగులో ఆడి బామ్మర్ది ఉన్నాడు. ఆడి దగ్గర్నుంచే బయటికి పొక్కింది."

రెండు. ఆ వేలు గట్టిగా మడిచాడు.

"మా కోడలు. నన్ను ఆపాలని సూసింది. ఇన్నాది."

మూడు.

"నీ భార్య. అక్కడే నా కాళ్ల కాడ కూకుంది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు."

అతను ఆవిడ వైపు తిరిగాడు. వేలు మడవలేదు.

"ఇంకెవరు?"

"నాను," అన్నాను. "సదివినదాన్ని."